చిన్నముల్లు మీద కూర్చుని

పినాకిని ఎక్స్‌ప్రెస్ దిగిన మా మేనకోడలి చేతిలో సంచీ కంటే ముందు పుస్తకం కనిపించింది. నెల్లూరు నుంచి బ్యాంకు పరీక్ష రాయడానికి వచ్చింది. సెంట్రల్ స్టేషన్ బయట ఆటోలవాళ్ల కేకల మధ్య నిలబడి, క్షేమసమాచారాలు అయ్యాయో లేదో, "మామయ్యా, నాలుగుకీ అయిదుకీ మధ్య రెండు ముళ్లూ ఎప్పుడు కలుస్తాయి?" అంది.

నేను జవాబు చెప్పకుండా పక్కకి చెయ్యి చూపించాను. అక్కడ విక్టోరియా పబ్లిక్ హాలు ఎర్రగా, దాని పక్కన రిపన్ భవనం తెల్లగా కనిపిస్తున్నాయి. చెన్నై కార్పొరేషన్ ఆఫీసు అదే. దాని గోపురం మీది గడియారం 1913 నాటిది. ఓక్స్ కంపెనీ బిగించింది, గంటలు గిల్లెట్ అండ్ జాన్‌స్టన్ వాళ్లు పోతపోశారు. రోజూ కీ ఇస్తేనే నడిచే రకం. ముఖం అడ్డకొలత రెండున్నర మీటర్లు. పెద్దముల్లు మీటరు పొడవనుకున్నా దాని కొస నిమిషానికి పది సెంటీమీటర్లకు పైగా నడుస్తుంది. ముళ్ల లెక్కలు నేర్చుకోవాలంటే చేతిగడియారం పనికిరాదు, ఇలాంటిది కావాలి. అప్పుడు టైము నాలుగూ ఇరవై.

"సూత్రం ఉంది మామయ్యా. గంటల్ని 30తో హెచ్చించి, నిమిషాల్ని అయిదున్నరతో హెచ్చించి, ఒకదాన్లోంచి ఒకటి తీసెయ్యాలి. ఎందుకు తీసెయ్యాలో మాత్రం రాయలేదు."

ఆ 'ఎందుకు' తెలిస్తే సూత్రం మరిచిపోయినా ఫరవాలేదు. తెలియకపోతే సూత్రం గుర్తున్నా ఏదో ఒకరోజు పరీక్ష హాల్లో అది మొండిచెయ్యి చూపిస్తుంది. 

"ముందు ఇది చెప్పు. మూడుంబావుకి ముళ్ల మధ్య కోణం ఎంత?"

"సున్నా. రెండూ మూడు మీదే ఉంటాయిగా."

ఈ లెక్క మొదటిసారి చేసేవాళ్లలో చాలామంది పడే గుంట ఇది. బొమ్మల గడియారాల్లో, చిన్నపిల్లల పుస్తకాల్లో చిన్నముల్లు అంకె మీద మేకు కొట్టినట్టు ఉంటుంది. నిజం గడియారంలో అలా ఉండదు. విచిత్రమేమిటంటే, ఈ సంగతి మన మాటే చెబుతోంది. మూడుంబావు అంటే మూడూ, పైన పావు. అంటే చిన్నముల్లు మూడు దాటి, నాలుగుకి వెళ్లే దారిలో పావువంతు నడిచేసింది. అంకెకీ అంకెకీ మధ్య 30 డిగ్రీలు, అందులో పావువంతు ఏడున్నర. పెద్దముల్లు సరిగ్గా మూడు మీద ఉంది, చిన్నముల్లు దానికి ఏడున్నర డిగ్రీలు ముందుంది. కోణం ఏడున్నర. ఏడున్నర, ఎనిమిదింబావు, తొమ్మిదింముప్పావు అంటూ తెలుగువాళ్లం రోజంతా చిన్నముల్లు స్థానాన్నే పలుకుతుంటాం. నిమిషాలు చెప్పేవాడు పెద్దముల్లుని చదువుతాడు, పావూ అరా చెప్పేవాడు చిన్నముల్లునే చదువుతాడు. పెద్దముల్లు ఊడిపోయిన గడియారంలో కూడా మూడుంబావుని పోల్చుకోవచ్చు. చిన్నముల్లు ఊడిపోతే మాత్రం పావు ఏ గంట మీదిదో తెలియదు.

చిన్నముల్లు ఇలా నిదానంగా జరగడానికి కారణం డయలు వెనక ఉంది. యంత్రం తిప్పేది పెద్దముల్లు ఇరుసునే. ఆ ఇరుసు మీది చిన్న పళ్లచక్రం ఇంకో చక్రాన్ని, అది మరోదాన్ని తిప్పి, వేగాన్ని పన్నెండో వంతుకి తగ్గించి చిన్నముల్లుకి అందిస్తాయి. పళ్లకి పళ్లు పట్టుకుని ఉంటాయి కాబట్టి ఒకటి జరిగితే రెండోది జరగకుండా ఉండలేదు. గడియారం లెక్కలన్నీ ఈ పన్నెండుకి ఒకటి అనే బంధంలోంచే పుడతాయి. పెద్దముల్లు గంటకి 360 డిగ్రీలు తిరుగుతుంది, నిమిషానికి 6. చిన్నముల్లు గంటకి 30, నిమిషానికి అర.

ఇక్కడిదాకా అందరూ వస్తారు. ఆ తర్వాత చాలామంది రెండు ముళ్లనీ చెరో కంటితో చూడబోతారు. ఇది ఇక్కడికొచ్చింది, ఈలోపు అది అక్కడికి పోయింది, దాన్ని పట్టుకోబోతే ఇది మళ్లీ జరిగింది. దీనికి అంతుండదు. నాలుగింటికి పెద్దముల్లు పన్నెండు మీద, చిన్నముల్లు నాలుగు మీద ఉంటాయి. పెద్దది ఇరవై నిమిషాల్లో నాలుగు దగ్గరికి వస్తుంది, ఆలోపు చిన్నది 10 డిగ్రీలు పోయింది. ఆ 10 అందుకునేలోపు ఇంకాస్త పోయింది. ఇలా కూడుకుంటూ పోయినా జవాబు వస్తుంది, కానీ అది సీసాతో సముద్రాన్ని తోడినట్టుంటుంది.

దీనికి నేను చెప్పే ఉపాయం ఒకటే. చిన్నముల్లు మీద ఎక్కి కూర్చోండి.

బీచ్ నుంచి తాంబరం వెళ్లే లోకల్లో కిటికీ పక్క కూర్చున్నవాళ్లకి ఇది అనుభవమే. పక్క పట్టాల మీద ఎగ్మూరు నుంచి బయల్దేరిన ఎక్స్‌ప్రెస్ మనల్ని దాటుకుపోతుంటుంది. అది నిజంగా ఎంత వేగంతో పోతోందో మనకి తెలియదు. మన కంటికి మాత్రం అది మెల్లగా ముందుకి పాకుతున్నట్టుంటుంది. కిటికీ వెంట కిటికీ, లోపల పేపరు చదివేవాళ్ల మొహాలు కూడా కనిపిస్తాయి. ఆ పాకుడు రెండు వేగాల తేడా. మన రైలు వేగాన్ని మనం మరిచిపోయాం, అది తనంతట తనే తీసివేతలో పోయింది.

చిన్నముల్లు మీద కూర్చుంటే అంతే. మనం కదలడం లేదు. ఎదురుగా పెద్దముల్లు నిమిషానికి ఆరు డిగ్రీలు కాకుండా, అయిదున్నర డిగ్రీల చొప్పున మనవైపు వస్తోంది. నాలుగింటికి అది మన వెనక 120 డిగ్రీల దూరంలో ఉంది. ఎప్పుడు చేరుతుంది? 120ని అయిదున్నరతో భాగించడమే. 240/11, అంటే 21 9/11 నిమిషాలు. నాలుగూ ఇరవైయొక్క నిమిషాల నలభై తొమ్మిది సెకన్లకి.

పుస్తకంలోని తీసివేత ఇదే. 30 × గంటలు అంటే గంట కొట్టినప్పుడు మనకీ పెద్దముల్లుకీ ఉన్న దూరం, 5½ × నిమిషాలు అంటే ఆ తర్వాత అది తగ్గించుకున్న దూరం. మిగిలింది కోణం. తీసివేస్తే రుణసంఖ్య వచ్చిందంటే పెద్దముల్లు మనల్ని దాటి ముందుకు పోయిందని. జవాబు 180 దాటితే 360లోంచి తీసి చిన్న కోణం చెప్పాలి. సూత్రంలో ఇంతకు మించిన రహస్యం లేదు.

మేము మాట్లాడుకుంటుండగానే రిపన్ గడియారం మీద రెండు ముళ్లూ ఒకటై, విడిపోయాయి. రోడ్డు మీంచి చూస్తే ఆ క్షణం ఏదో పట్టుకోలేం. ముళ్లకి మందం ఉంది కదా. బీజగణితం ముళ్లకి మందం లేదంటుంది.

"అయితే ప్రతి గంటకీ ఒకసారి కలుస్తాయి, రోజుకి 24 సార్లు" అంది మేనకోడలు, ఆటో ఎక్కుతూ.

లేదు, 22. పన్నెండు గంటల్లో పెద్దముల్లు పన్నెండు చుట్లు తిరుగుతుంది. చిన్నముల్లు మీద కూర్చున్న మనం కూడా ఒక చుట్టు తిరిగాం, కానీ అది మనకి తెలియదు. అందుకని మన లెక్కకి పెద్దముల్లు పదకొండుసార్లే వచ్చి దాటింది. పన్నెండులోంచి పోయిన ఆ ఒకటి మన చుట్టు. పదకొండుకీ ఒంటిగంటకీ మధ్య రెండు గంటల్లో కలయిక ఒక్కటే, సరిగ్గా పన్నెండింటికి. కలయికకీ కలయికకీ మధ్య 12/11 గంటలు, అంటే 65 5/11 నిమిషాలు. జవాబుల్లో ఈ పదకొండులు ఎక్కడినుంచి ఊడిపడుతున్నాయని విద్యార్థులు విసుక్కుంటారు. వచ్చేది ఇక్కడినుంచే.

లంబకోణం అడిగితే ఒక్క జాగ్రత్త చాలు. పెద్దముల్లు మన వెనక 90 డిగ్రీల దూరంలో ఉన్నప్పుడూ లంబమే, దాటిపోయి 90 డిగ్రీలు ముందున్నప్పుడూ లంబమే. అయిదింటికి దూరం 150. 60 తగ్గితే ఒక లంబం, 10 10/11 నిమిషాలకి. 240 తగ్గితే రెండోది, 43 7/11 నిమిషాలకి. ఒక్క జవాబే రాసి లేచిపోయేవాళ్లు ఎక్కువ. రోజంతటికీ లంబాలు 44, ఎదురెదురు నిలవడం 22.

పరీక్షలవాళ్లకి ఇష్టమైన ఇంకో ప్రశ్న ఉంది, నాకూ ఇష్టమే. ఒక గడియారంలో ముళ్లు సరిగ్గా 65 నిమిషాలకొకసారి కలుస్తున్నాయి, అది రోజుకెంత తప్పు చూపిస్తుంది? కలయికకీ కలయికకీ మధ్య అది తన ముఖం మీద చూపించేది ఎప్పుడూ 65 5/11 నిమిషాలే, పళ్లచక్రాల బంధం మారదు కాబట్టి. కానీ బయట నిజంగా గడిచింది 65. అంటే ప్రతి 65 నిమిషాలకీ 5/11 నిమిషం ముందుకి పరిగెడుతోంది. రోజుకి 10 10/143 నిమిషాలు. ఈ 143 కాసేపట్లో మళ్లీ వస్తుంది.

ఒకటి వేగంగా, ఒకటి నెమ్మదిగా ఒకే దారిలో పోతుంటే ఎప్పుడు కలుస్తాయన్న ప్రశ్నకి గడియారం అక్కర్లేదు. 499లో ఆర్యభటుడు రాసిన ఆర్యభటీయంలో, గణితపాదంలో దీనికో శ్లోకమే ఉంది. ఎదురెదురుగా వచ్చేవాటికైతే మధ్య దూరాన్ని వేగాల మొత్తంతో భాగించు, ఒకే దిక్కున పోయేవాటికైతే వేగాల తేడాతో భాగించు అన్నది దాని సారం. కలవబోయే కాలమైనా, కలిసి గడిచిన కాలమైనా ఇలాగే వస్తుందని కూడా చెప్పాడు. ముళ్ల గడియారం పుట్టడానికి ఎన్నో వందల ఏళ్ల ముందు ఆ లెక్కలన్నిటినీ ఒక్క శ్లోకంలో కట్టిపడేశాడన్నమాట. ఆయన దృష్టిలో ఉన్నవి గ్రహాలు.

ఇలాంటి ప్రయాణికుల లెక్కలు తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడి గణితసార సంగ్రహంలోనూ ఉన్నాయి. ఆ పుస్తకం మన తెలుగువాళ్లకి దగ్గరిది. పావులూరి మల్లన దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు, అదే మన తొలి గణితగ్రంథం. సంస్కృత మూలాన్ని ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించింది ఈ ఊరివాళ్లే. ప్రెసిడెన్సీ కాలేజీ ఆచార్యుడు ఎం. రంగాచార్య సంపాదకత్వంలో, 1912లో, మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయంలో అచ్చయింది. (అదే ఏడాది పోర్ట్ ట్రస్టులో ఒక గుమాస్తా ఉద్యోగంలో చేరాడు. మద్రాసు, లెక్కలు అనగానే అందరూ ఆయన పేరే ఎత్తుతారు. ఈ ముళ్ల లెక్కకి రామానుజన్ అవసరం లేదు, ఆయన్ని ప్రశాంతంగా ఉండనిద్దాం.)

గ్రహాల మాట వచ్చింది కాబట్టి అసలు గడియారం దగ్గరికి పోదాం. మా ఇంట్లో గోడకి గడియారం ఉన్నా తాతయ్య దాన్ని అంతగా పట్టించుకునేవాడు కాదు. మేకుకి వేలాడే పంచాంగమే ఆయన గడియారం. "ఇవాళ ఏకాదశి ఎన్ని ఘడియలుందో చూడరా" అనేవాడు. పంచాంగం తిరగేసి అంకె చదివేవాణ్ణి. దాని వెనక ఉన్నది ముళ్ల కోణమని చాలా ఏళ్ల దాకా తెలియలేదు.

ఆకాశాన్ని ఒక డయలు అనుకోండి. సూర్యుడు చిన్నముల్లు, రోజుకి డిగ్రీకి కాస్త తక్కువ నడుస్తాడు. చంద్రుడు పెద్దముల్లు, సగటున రోజుకి 13 డిగ్రీల చిల్లర. రెండూ కలిసిన క్షణం అమావాస్య. ఎదురెదురుగా, 180 డిగ్రీల్లో నిలిచిన క్షణం పౌర్ణమి. మధ్యలో కోణం 12 డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఒక తిథి. పాడ్యమి పూర్తయ్యేసరికి 12, విదియకి 24, అష్టమికి 96. 360ని 12తో భాగిస్తే 30 తిథులు. తిథి పేరు చెప్పడమంటే ఆకాశంలో రెండు ముళ్ల మధ్య కోణం చెప్పడమే. మా అమ్మమ్మ ఉపవాసాలన్నీ కోణాలే.

ఇక్కడ కూడా సూర్యుడి మీద కూర్చోవచ్చు. కాళ్లు కాలతాయనుకోండి, కాగితం మీద కూర్చుందాం. వేగాల తేడా రోజుకి 12.19 డిగ్రీలు. 360ని దాంతో భాగిస్తే 29.53 రోజులు. అమావాస్య నుంచి అమావాస్యకి ఉన్న కాలం అదే.

గడియారంలో పన్నెండు చుట్లలోంచి ఒకటి పోయి పదకొండు మిగిలింది కదా, ఆకాశంలోనూ అంతే. సూర్యుడు ఒక చుట్టు పూర్తిచేసే ఏడాదిలో చంద్రుడు 13.37 చుట్లు తిరుగుతాడు. ఒకటి తీసేస్తే ఏడాదికి 12.37 అమావాస్యలు. గడియారం చేసినవాడు పళ్లు లెక్కబెట్టి చక్రాలు కోశాడు కాబట్టి అక్కడ పన్నెండు పూర్ణాంకం. ఆకాశంలో పళ్లచక్రాలు లేవు, అందుకని 0.37 మిగిలిపోయింది. ఆ మిగులు రెండేళ్ల ఎనిమిది నెలల చిల్లరకి ఒక పూర్తి నెల అవుతుంది. దాన్నే అధికమాసమని పిలిచి, పెళ్లిళ్లు ఆపుకుని కూర్చుంటాం.

రెండో తిరకాసు వేగం. గడియారం ముళ్లు రోజంతా ఒకే తీరుగా నడుస్తాయి, చంద్రుడు అలా కాదు. భూమికి దగ్గరగా వచ్చినప్పుడు పరిగెడతాడు, దూరమైనప్పుడు నెమ్మదిస్తాడు. అందుకని 12 డిగ్రీల కోణం ఒకసారి ఇరవై గంటల్లో పెరిగిపోతుంది, ఒకసారి ఇరవై ఆరు గంటలు దాటినా పెరగదు. పంచాంగకర్తల్లో తరతరాల తగువు ఇదే. తిథి అరవై ఘడియల మీద అయిదు పెరగొచ్చు, ఆరు తగ్గొచ్చు అని పూర్వపద్ధతివాళ్లు అంటారు. బాణవృద్ధి, రసక్షయం అని దానికి పేరు. కంటికి కనిపించే ఆకాశంతో సరిచూసుకునే దృక్‌పద్ధతివాళ్లు కాదు, సప్తవృద్ధి, దశక్షయం అంటారు. ఏడు పెరగొచ్చు, పది తగ్గొచ్చు. ఏటా ఏదో ఒక పండగ ఈరోజా రేపా అని గుళ్లో ఒకమాట, టీవీలో ఒకమాట వినబడటానికి వెనక ఎంతోకొంత ఈ కోణం గొడవ ఉంటుంది. నేను దృక్‌వైపే. కోణమంటే కొలిచేది, కొలిచినదాన్ని కాదని పాతలెక్కని పట్టుకు వేలాడటం నాకు అర్థం కాదు.

ఘడియ మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఘడియకి 24 నిమిషాలు. ఆ 24 నిమిషాల్లో మన గోడగడియారం చిన్నముల్లు ఎంత తిరుగుతుంది? నిమిషానికి అర చొప్పున సరిగ్గా 12 డిగ్రీలు. చిన్నముల్లుకి ఘడియ ఎంతో, ఆకాశంలో కోణానికి తిథి అంత. కాకతాళీయమే. రోజుకి అరవై ఘడియలు, నెలకి ముప్పై తిథులు, రోజుకి రెండు చుట్లు తిరిగే ముల్లు అన్న మూడు అంకెలూ అలా అమరాయి. అయినా తాతయ్య బతికుండగా ఇది తెలిసుంటే ఆయనకి చెప్పి మురిసిపోయేవాణ్ణి.

ఆకాశపు ముళ్లనీ గోడమీది ముళ్లనీ ఒకే చోట సరిచూసిన ఇల్లు ఒకటి ఈ ఊళ్లో ఉండేది. నుంగంబాక్కంలో, ఇప్పుడు వాతావరణ కేంద్రం ఉన్న ఆవరణలో, 1792లో మద్రాసు ఖగోళశాల కట్టారు. అప్పటి గ్రానైటు స్తంభం ఇంకా అక్కడే ఉంది. దాని మీద చెక్కిన శాసనాల్లో తెలుగు కూడా ఒకటి. ఒకప్పుడు ఈ స్తంభం మీదే దుర్భిణి నిలిపి నక్షత్రాలు చూసేవారు. జాన్ గోల్డింగ్‌హామ్ ఇక్కడే మద్రాసు రేఖాంశాన్ని లెక్కగట్టి, 1802లో గ్రీన్‌విచ్ కంటే 5 గంటల 21 నిమిషాల 14 సెకన్లు ముందున్న మద్రాసు టైముని నిలబెట్టాడు. ఖగోళశాల గడియారానికి సెయింట్ జార్జి కోటలోని ఫిరంగిని కలిపి రాత్రి ఎనిమిదింటికి పేల్చేవారు. రోజుకి పది నిమిషాలు పరిగెత్తే గడియారమున్నవాడు ఆ మోత విని ముల్లు వెనక్కి తిప్పుకోవాల్సిందే. తర్వాత రోజుల్లో రైళ్లకీ ఇదే టైము. బొంబాయి టైము 4 గంటల 51 నిమిషాలు, కలకత్తాది 5 గంటల 53 నిమిషాల 20 సెకన్లు, మద్రాసు దాదాపు నట్టనడుమ పడింది.

1906 జనవరి 1న దేశానికి ప్రామాణిక టైము వచ్చింది, గ్రీన్‌విచ్‌కి అయిదున్నర గంటలు ముందు. దాని ఆధారరేఖ 82½ డిగ్రీల రేఖాంశం, మన కాకినాడ పక్కనుంచే పోతుంది. మద్రాసు టైము కన్నా ఇది 8 నిమిషాల 46 సెకన్లు ముందు. దీన్నీ కోణంగా చూడొచ్చు. కాకినాడ పక్క గీతకీ మద్రాసుకీ మధ్య భూమి మీద తేడా 2 డిగ్రీల చిల్లర. గడియారం చిన్నముల్లు మీద అదే తేడా 4 డిగ్రీల చిల్లర, సరిగ్గా రెట్టింపు. ఎందుకంటే భూమి రోజుకి ఒక చుట్టు తిరుగుతుంది, చిన్నముల్లు రెండు చుట్లు. రోజుకి ఒక్క చుట్టే తిరిగే 24 అంకెల డయలు చేసుంటే చిన్నముల్లు సూర్యుడితో పాటే నడిచేది. పన్నెండుతో సరిపెట్టుకున్నాం, ఒంటిగంట పగలా రాత్రా అని అడుక్కుంటున్నాం.

ఆ ఖగోళశాలలోనే చింతామణి రఘునాథాచారి పనిచేశాడు. పంచాంగాలు కట్టే ఇంట్లో పుట్టి, నార్మన్ పాగ్సన్ కింద మొదటి సహాయకుడయ్యాడు. 1867లో ఆర్ రెటిక్యులి అనే నక్షత్రం వెలుగు మారుతుంటుందని కనిపెట్టినవాడు. పాత పంచాంగాల లెక్క, దుర్భిణి, రెండూ ఒకే మనిషి చేతిలో పడ్డాయి. తేడా కొట్టొచ్చినట్టు కనిపించి ఉంటుంది. ఆయన దృగ్గణిత పంచాంగం వెయ్యడానికి పూనుకున్నాడు. 1874 డిసెంబరులో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటిపోయే సంగతిని దేశభాషల్లో జనానికి వివరిస్తూ చిన్న పుస్తకం రాశాడు. సూర్యుడి చుట్టూ శుక్రుడు భూమిని వెంటాడి అందుకునే ఆ లెక్కలోనూ ఉన్నది వేగాల తేడానే.

ఇంటికి చేరి కాఫీ తాగుతుండగా మేనకోడలు పుస్తకం చివర పేజీ తీసింది. "ఇది మాత్రం మీ చిన్నముల్లు మీద కూర్చుంటే రావట్లేదు మామయ్యా." 

లెక్క ఇది. ఒకాయన నాలుగుకీ అయిదుకీ మధ్య ఇంట్లోంచి బయల్దేరాడు. అయిదుకీ ఆరుకీ మధ్య తిరిగొచ్చి చూస్తే ముళ్లు తారుమారయ్యాయి. పెద్దముల్లు ఉన్నచోట చిన్నది, చిన్నది ఉన్నచోట పెద్దది. ఎంతసేపు బయట ఉన్నాడు?

నిజమే, దీనికి తేడా పనిచెయ్యదు. ఆర్యభటుడి శ్లోకంలో మొదటి సగం పట్టుకోవాలి. చిన్నముల్లు తన చోటునుంచి పెద్దముల్లు చోటుకి నడిచింది. పెద్దముల్లు తన చోటునుంచి, చుట్టు తిరిగి, చిన్నముల్లు చోటుకి వచ్చింది. రెండింటి నడకలూ కలిపితే డయలు మొత్తం ఒక్కసారి నిండింది, 360 డిగ్రీలు. ఇద్దరు కలిసి ఒక గోడకి సున్నం కొట్టినట్టు. కాబట్టి వేగాల్ని కూడాలి, ఆరూ అరా కలిపి ఆరున్నర. 360ని ఆరున్నరతో భాగిస్తే 55 5/13 నిమిషాలు.

బయల్దేరింది ఎప్పుడు? ఆ సమయంలో చిన్నముల్లు నడిచింది 360/13 డిగ్రీలు, సుమారు 27.7. అంటే బయల్దేరేటప్పుడు పెద్దముల్లు దానికి 27.7 డిగ్రీలు ముందుంది. మళ్లీ చిన్నముల్లు ఎక్కండి. నాలుగింటికి 120 వెనక ఉన్నది, 27.7 ముందుకి పోయింది. మొత్తం 147.7ని అయిదున్నరతో భాగిస్తే నాలుగూ ఇరవై ఆరుంముప్పావు దాటి కొద్ది సెకన్లు. కచ్చితంగా అయితే 26 122/143 నిమిషాలు.

"143 మళ్లీ వచ్చింది!"

రాదా మరి. పదకొండు తేడాలోంచి, పదమూడు మొత్తంలోంచి వచ్చి గుణించుకున్నాయి. పన్నెండుకి అటొకటి ఇటొకటి. ముళ్లు తారుమారైనా కుదిరే స్థానాలు పన్నెండు గంటల్లో సరిగ్గా 143 ఉన్నాయి. వాటిలో 11 ముళ్లు కలిసే క్షణాలు, అక్కడ తారుమారైనా తేడా ఏం లేదు. మిగిలిన 132 క్షణాల్లో, రెండు ముళ్లూ ఒకే పొడవున్న గడియారం మన ముందు పెడితే టైము ఎంతో ఎవరూ చెప్పలేరు. ఒకటి పెద్దదిగా, ఒకటి చిన్నదిగా ఎందుకు చేస్తారో చిన్నప్పుడు నేను అడిగితే అందం కోసమన్నారు.

రాత్రి పడుకోబోతూ తలుపు దగ్గర నిలబడి మేనకోడలు ఇంకోటి అడిగింది. "సెకన్ల ముల్లు కూడా ఉంటే మామయ్యా? మూడూ ఎన్నిసార్లు కలుస్తాయి?"

పన్నెండింటికి తప్ప ఎప్పుడూ కలవవు. ముందు పెద్దా చిన్నా కలిసే పదకొండు క్షణాలు తీసుకోవాలి, ఒక్కోసారి సెకన్ల ముల్లు ఎక్కడుందో చూడాలి. కలయిక నుంచి కలయికకి ముళ్లు చుట్టులో పదకొండో వంతు జరుగుతాయి, సెకన్ల ముల్లు పదకొండులో అయిదు వంతులు. పదకొండు కలయికల్లో ఒక్క పన్నెండింటికే అవి ఒకచోట పడతాయి. కాగితం తెచ్చి ఇద్దరం వరసగా వేశాం. అన్నిటికంటే దగ్గరికొచ్చేవి రెండు, ఎనిమిదీ నలభైమూడు నిమిషాల ముప్పై ఎనిమిది సెకన్లకి ఒకటి, మూడూ పదహారు నిమిషాల ఇరవై రెండు సెకన్లకి ఒకటి. అప్పుడు కూడా సెకన్ల ముల్లు 33 డిగ్రీల దూరంలోనే ఉంటుంది.

"మూడూ పదహారు" అని కాగితం మీద వేలు పెట్టి ఆగింది. "మూడుంబావు తర్వాత నిమిషం ఇరవై రెండు సెకన్లు. సాయంత్రం నేను సున్నా అన్నది..."

ఏడున్నరని అయిదున్నరతో భాగించి చూసుకుంటోంది. నేను లైటు ఆర్పలేదు.